షెడ్డులో కరెంటు పోతే ఇంట్లో సైరన్

తీగ మీద మాట్లాడుకునే రెండు చిన్న బోర్డులు - బ్రాయిలర్ రైతుకు రాత్రి కాపలా

బ్రాయిలర్ కోళ్లు పెంచే రైతుకు రెండు కాలాల్లో కంటికి కునుకుండదు. ఒకటి, చలికాలంలో పిల్లలు దిగిన మొదటి వారం పది రోజులు. రెండు, మే నెల ఎండల్లో బ్యాచ్ అమ్మకానికి వచ్చే ముందు రోజులు. చలి రాత్రి రెండు గంటలకు కరెంటు పోయిందంటే బ్రూడర్ బల్బులు ఆరిపోతాయి. వెచ్చదనం కోసం పిల్లలన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కింద పడ్డవి ఊపిరాడక చస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాన్లు, ఫాగర్లు ఆగిపోతే ఎదిగిన కోళ్లు నోరు తెరిచి రొప్పుతూ సొమ్మసిల్లుతాయి. కోడికి చెమట పట్టదు. రొప్పడం ద్వారానే ఒంట్లో వేడిని బయటకు పంపాలి. గాలి ఆగిపోతే ఆ దారీ మూసుకుపోతుంది.

ఈ రెండు సందర్భాల్లోనూ నష్టం కరెంటు పోవడం వల్ల కంటే, పోయిన సంగతి రైతుకు ఆలస్యంగా తెలియడం వల్లనే ఎక్కువ. జనరేటర్ ఉంటుంది, డీజిల్ ఉంటుంది, లేపేవారే ఉండరు. షెడ్డు దగ్గర రోజూ మనిషిని పెట్టుకునే స్తోమత రెండు మూడు వేల కోళ్ల రైతుకు ఉండదు.

ఈ లోటు తీర్చడానికి చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి పనికొస్తుంది. అందులోనూ లాన్ తీగ పెట్టుకునే సాకెట్టు బోర్డుమీదే ఉండే రకం ఈ పనికి బాగా నప్పుతుంది. అదెలా పనిచేస్తుంది, ఎవరికి ఉపయోగం, ఎవరికి దండగ, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్నవి వివరంగా తెలుసుకుందాం.

బోర్డు అంటే ఏమిటి?

రెండు మూడు అంగుళాల పొడవుండే ఆకుపచ్చ రంగు పలక అనుకోండి. దాని మీద ముఖ్యంగా మూడు వస్తువులు ఉంటాయి. మొదటిది మైక్రోకంట్రోలర్, అంటే లెక్క చూసే చిప్పు. రెండోది తీగ మీద కబురు పంపే, కబురు అందుకునే చిప్పు. మూడోది కంప్యూటర్ల వెనక ఉండేలాంటి లాన్ సాకెట్టు.

ఇది కంప్యూటర్ కాదు. దీనికి తెర లేదు, కీబోర్డు లేదు. మనం ఒకసారి ఎక్కించిన ప్రోగ్రామును రాత్రీ పగలూ మళ్లీ మళ్లీ చేస్తూ పోవడమే దీని పని. కరెంటు పోయి వస్తే కంప్యూటర్‌లాగా నిమిషాల తరబడి లేవదు. క్షణాల్లో పనిలో పడుతుంది. ఒకే పని తెలిసిన నమ్మకమైన పాలేరు లాంటిదన్నమాట.

లాన్ తీగ పద్ధతి కొత్తదేం కాదు. దీన్ని ఈథర్‌నెట్ అంటారు. 1973లో అమెరికాలోని జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో ఇది పుట్టింది. చిన్న బోర్డులు సామాన్యుల చేతికి వచ్చింది మాత్రం 2005 తర్వాతే. ఆ ఏడాది ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో, డిజైన్ చదివే విద్యార్థుల కోసం ఆర్డునో అనే బోర్డు తయారు చేశారు. 2011లో ఆర్డునోవారే లాన్ సాకెట్టుతో కలిపి ఒక బోర్డు తెచ్చారు. 2021 జనవరిలో బ్రిటన్‌కు చెందిన రాస్ప్‌బెర్రీ పై సంస్థ పికో అనే చిన్న బోర్డును 4 డాలర్ల ధరకు విడుదల చేసింది. ఆ పికోలోని ఆర్‌పీ 2040 అనే చిప్పును, తమ డబ్ల్యూ 5500 అనే నెట్‌వర్క్ చిప్పును ఒకే పలక మీద కూర్చి దక్షిణ కొరియాకు చెందిన విజ్‌నెట్ కంపెనీ ఒక బోర్డు తయారు చేస్తోంది. దాని పేరు డబ్ల్యూ 5500 ఈవీబీ పికో. ఈ వ్యాసంలో ఉదాహరణగా దాన్నే తీసుకున్నాం. ఇలాంటి బోర్డులు వేరే కంపెనీలవీ ఉన్నాయి. పద్ధతి మాత్రం ఒకటే.

ఈ డబ్ల్యూ 5500 చిప్పులో ఒక సుగుణం ఉంది. కబురును కవరులో పెట్టడం, చిరునామా రాయడం, అవతల నుంచి వచ్చినదాన్ని విప్పడం అన్నీ ఆ చిప్పే చూసుకుంటుంది. లెక్క చూసే చిప్పు మీద ఆ భారం పడదు. ఒకేసారి ఎనిమిది చోట్లతో మాట్లాడగలదు. మన పనికి ఒక్క చోటు చాలు.

సెల్‌ఫోన్, వైఫై ఉండగా తీగ ఎందుకు?

ఈ ప్రశ్న ఎవరికైనా వస్తుంది. సిమ్ కార్డు వేసి, కరెంటు పోగానే ఫోన్ చేసే యంత్రాలు బజారులో దొరుకుతున్నాయి. దూరంగా ఉన్న షెడ్లకు అవే మేలు. అయితే వాటికి సిగ్నల్ ఉండాలి, రీఛార్జి అయిపోకూడదు, రైతు ఫోన్ మూగగా ఉండకూడదు. పైగా ఊరంతా కరెంటు పోయిన వేళ టవర్ కూడా ఆగిపోవచ్చు. సరిగ్గా మనకు కబురు కావలసిన సమయంలోనే అది అందదు.

వైఫై బోర్డులు తీగ బోర్డు కంటే చవక. కానీ రేకుల షెడ్డు వైఫైకి అడ్డుగోడ. ఇంటి గోడలు, మధ్యలో చెట్లు, వాన, వీటన్నిటివల్ల ఈ రోజు అందిన సిగ్నల్ రేపు అందకపోవచ్చు.

తీగకు ఆ బెడద లేదు. ఇంటికి షెడ్డుకు మధ్య తీగ ఉంటే టవర్ అక్కర్లేదు, రీఛార్జి అక్కర్లేదు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఒక్క హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ తీగ 100 మీటర్ల వరకే. కొలత గాలిలో కాదు, తీగ పోయే దారి వెంట తీయాలి. గోడ ఎక్కినది, దిగినది, చుట్టు తిరిగినది అన్నీ కలిపి 100 మీటర్లు దాటకూడదు. ఇంటి పెరట్లోనో, పక్క చెలకలోనో షెడ్డు ఉన్న చిన్న రైతుకు ఇది చాలు. ఊరవతల షెడ్డుకు చాలదు.

అసలు కిటుకు ఇదీ

ఇలాంటి హెచ్చరిక యంత్రాలను చాలామంది ఒక పద్ధతిలో పెడతారు. ఆపద వచ్చినప్పుడు షెడ్డులోని యంత్రం ఇంటికి కబురు పంపుతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఆపద వచ్చిన వేళకే ఎలుక తీగ కొరికి ఉంటే? యంత్రమే పాడై ఉంటే? కబురు రాదు. ఇంట్లోవాళ్లు మాత్రం అంతా బాగానే ఉందనుకుని నిద్రపోతారు.

అందుకే పద్ధతిని తిరగేయాలి. షెడ్డులో ఒక బోర్డు, ఇంట్లో ఒక బోర్డు పెట్టాలి. షెడ్డు బోర్డు ప్రతి 5 సెకన్లకు ఒకసారి 'నేను బాగున్నాను, కరెంటు ఉంది, వేడి ఇంత ఉంది' అని ఇంటికి చెబుతూనే ఉండాలి. ఇంటి బోర్డు వింటూ ఉండాలి. 30 సెకన్లపాటు షెడ్డు నుంచి మాట వినపడకపోతే ఇంటి బోర్డు ఎవరినీ అడగకుండా సైరన్ మోగించాలి.

అంటే, మాట రావడం క్షేమం, మాట ఆగడం హెచ్చరిక. తీగ తెగినా, షెడ్డు బోర్డు చచ్చిపోయినా, దాని బ్యాటరీ అయిపోయినా, పిడుగుకు కాలిపోయినా సైరన్ మోగుతుంది. కాపలా మనిషి గంటకోసారి కేక వేసినట్టే ఇదీను. కేక వినపడకపోతే వెళ్లి చూస్తాం కదా.

ఈ కబుర్లు పంపడానికి నెట్‌వర్కులో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి రిజిస్టరు పోస్టు లాంటిది, అందినట్టు రసీదు వస్తుంది. దీన్ని టీసీపీ అంటారు. రెండోది పోస్టుకార్డు లాంటిది, వేసి వదిలేయడమే. దీన్ని యూడీపీ అంటారు. మన పనికి పోస్టుకార్డే చాలు. ఒక కార్డు తప్పిపోయినా 5 సెకన్లలో ఇంకొకటి వస్తుంది.

షెడ్డులో ఏమేమి కనిపెట్టాలి?

మొదటిది కరెంటు. దీనికోసం బోర్డును 230 వోల్టుల తీగకు కలపనే కూడదు. మామూలు సెల్‌ఫోన్ ఛార్జరును షెడ్డు లైనులో పెట్టి, దాని నుంచి వచ్చే 5 వోల్టులను ఆప్టోకప్లర్ అనే చిన్న భాగం ద్వారా బోర్డుకు అందించాలి. ఆప్టోకప్లర్ ఒకవైపు వెలుగు వేసి, ఆ వెలుగును రెండోవైపు చూసి చెబుతుంది. రెండు వైపుల మధ్య తీగ సంబంధం ఉండదు. ఛార్జరు ఆగితే కరెంటు పోయినట్టు లెక్క. ఈ బోర్డు కాళ్లు 3.3 వోల్టులకే తయారైనవి. 5 వోల్టులు నేరుగా తగిలితే చిప్పు పోతుంది. కాబట్టి ఆప్టోకప్లర్ మధ్యలో ఉండి తీరాలి.

ఛార్జరును ఎక్కడ పెట్టామన్నది ముఖ్యం. మీటరు పక్కన పెడితే ఫ్యాన్ల ఫ్యూజు కొట్టేసినప్పుడు దానికి తెలియదు. బ్రూడర్లు, ఫ్యాన్లు ఏ లైను మీద నడుస్తున్నాయో ఆ లైనులోనే, ఫ్యూజు దాటిన తర్వాత పెట్టాలి. త్రీ ఫేజ్ షెడ్డయితే ఫేజుకొక ఛార్జరు పెట్టి మూడింటినీ వేర్వేరు కాళ్లకు ఇవ్వాలి. అప్పుడు ఏ ఫేజు పోయిందో కూడా తెలుస్తుంది.

ఇక్కడ ఒక లోపం ఉంది. సెల్ ఛార్జర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేస్తాయి. లో వోల్టేజీ వచ్చి ఫ్యాన్ మోటార్లు మూలుగుతున్నా ఛార్జరుకు అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. లో వోల్టేజీ ఎక్కువగా ఉండే ఊళ్లలో స్టార్టరు డబ్బాలో వోల్టేజీ రిలే వేయించి, దాని కాంటాక్టును బోర్డుకు కలిపించుకోవాలి.

రెండోది వేడి. డీఎస్ 18బీ20 అనే సెన్సరు దీనికి సరిపోతుంది. స్టీలు గొట్టంలో బిగించి, మూడు తీగలతో దొరుకుతుంది. అర డిగ్రీ అటూ ఇటూగా వేడి చెబుతుంది. ప్రతి సెన్సరుకూ దాని సొంత నంబరు ఉంటుంది కాబట్టి ఒకే తీగ మీద మూడు నాలుగు పెట్టుకోవచ్చు. ఒకటి బ్రూడర్ అంచున, ఒకటి షెడ్డు మధ్యలో, ఒకటి పడమటి వైపు పెడితే బాగుంటుంది. సెన్సరు కోడి వీపు ఎత్తులో ఉండాలి. పైన రేకుల దగ్గర కడితే అది చెప్పేది రేకు వేడి, కోడికి తగిలే వేడి కాదు.

బ్రూడర్ కింద వేడి మామూలుగా మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్, రెండో వారం 32, మూడో వారం 29, నాలుగో వారం 27 చొప్పున తగ్గించుకుంటూ వస్తారు. మీ పశువైద్యులు, కంపెనీ సూపర్‌వైజరు వేరే అంకెలు చెబితే అవే పెట్టుకోండి. ఉండాల్సిన వేడికి 3 డిగ్రీలు తగ్గినా, ఎదిగిన బ్యాచ్‌లో 35 డిగ్రీలు దాటినా సైరన్ మోగేలా ప్రోగ్రాములో రాయించుకోవచ్చు. వారం మారినప్పుడల్లా అంకె మార్చాలి కనుక ఇంటి బోర్డు దగ్గర ఒకటి, రెండు, మూడు, నాలుగు వారాలకు తిప్పుకునే నాబ్ పెట్టిస్తే చదువు రానివారు కూడా మార్చుకోగలరు.

సెన్సరు ఎంత బాగా పనిచేసినా పిల్లల తీరు చూడటం మానకూడదు. బల్బు కింద గుంపు కడితే చలి, దూరంగా పోయి గోడల దగ్గర పడుకుంటే వేడి, సమంగా పరుచుకుని తిరుగుతుంటే సరిగ్గా ఉన్నట్టు. దీనికి మించిన కొలత లేదు.

కావలసిన సామాను

లాన్ సాకెట్టు ఉన్న బోర్డులు రెండు. వీలైతే అదనంగా ఇంకొకటి. వేడి సెన్సర్లు మూడు. ఫేజుకొకటి చొప్పున సెల్ ఛార్జర్లు, ఆప్టోకప్లర్ భాగాలు. 12 వోల్టుల సైరన్ ఒకటి, దాన్ని నడిపే రిలే ఒకటి. 12 వోల్టులు 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీలు రెండు, వాటికి ఛార్జర్లు. కార్లలో సెల్ ఛార్జింగుకు వాడే, 12 వోల్టులను 5 వోల్టులు చేసే అడాప్టర్లు రెండు. అసలు రాగితో చేసిన, ఆరుబయట వేసుకునే లాన్ తీగ. అది దూర్చడానికి పీవీసీ పైపు. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలు రెండు.

ధరలు అమ్మేవారిని బట్టి మారుతాయి. రెండు మూడు చోట్ల అడిగి కొనాలి. ఒకటి మాత్రం ముందే లెక్క వేసుకోండి. బోర్డుల ఖర్చు కంటే తీగ, పైపు, బ్యాటరీలు, కూలి కలిపితే అయ్యే ఖర్చే ఎక్కువ. బోర్డు చవక అని మొదలుపెట్టి సగంలో ఆపేయొద్దు. తీగ కొనేటప్పుడు పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న రకం అంటగడతారు. చవకే గాని చివర్ల దగ్గర పుటుక్కున విరుగుతుంది, దూరం పోయేకొద్దీ సిగ్నల్ తగ్గుతుంది. తీగ కొనను కత్తితో గీకి చూస్తే లోపల తెల్లగా ఉందో ఎర్రగా ఉందో తెలిసిపోతుంది.

ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు

బోర్డులు కొని, తీగ వేసి, అంతా కలిపినా రెండు బోర్డులూ మాట్లాడుకోకపోవచ్చు. దానికి సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి.

ఒకటి, తీగ కొసలు. డబ్ల్యూ 5500 చిప్పుకు చెప్పే తీగ ఏదో, వినే తీగ ఏదో తనంతట తాను సర్దుకోవడం రాదు. రెండు బోర్డులను మామూలు లాన్ తీగతో నేరుగా కలిపితే ఇద్దరూ ఒకే తీగలో మాట్లాడి, ఒకే తీగలో వింటున్నట్టవుతుంది. అందుకని ఒక కొసన నారింజ జత, ఆకుపచ్చ జత తారుమారు చేసి బిగించాలి. క్రాస్ కేబుల్ కావాలంటే లాన్ పని చేసేవారికి తెలుస్తుంది. లేదా మధ్యలో చిన్న నెట్‌వర్క్ స్విచ్చి పెట్టొచ్చు. కానీ ఆ స్విచ్చికి కూడా బ్యాటరీ ఇవ్వాలి. పాడయ్యే వస్తువు ఇంకొకటి పెరుగుతుంది. క్రాస్ తీగే మేలు.

రెండు, బోర్డు గుర్తింపు నంబరు. నెట్‌వర్కులో ప్రతి పరికరానికీ మ్యాక్ అనే నంబరు ఉండాలి. ఈ చిప్పుకు అది పుట్టుకతో రాదు, ప్రోగ్రాములో మనమే రాయాలి. కంపెనీ ఇచ్చిన మాదిరి ప్రోగ్రామును రెండు బోర్డుల్లోనూ ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తే రెండింటికీ ఒకే నంబరు పడుతుంది. ఒకే సర్వే నంబరు మీద రెండు పాసుపుస్తకాలు ఉన్నట్టే గొడవ. రెండింటికీ వేర్వేరు నంబర్లు రాయించాలి.

మూడు, ఐపీ చిరునామా. ఇంట్లో రూటరు ఉంటే అది చిరునామాలు పంచుతుంది. రెండు బోర్డులు నేరుగా కలిసినప్పుడు పంచేవారు లేరు. కనుక షెడ్డు బోర్డుకు ఒకటి, ఇంటి బోర్డుకు ఒకటి చొప్పున స్థిరమైన చిరునామాలు ప్రోగ్రాములోనే రాసెయ్యాలి.

ప్రోగ్రాము ఎవరు రాస్తారు?

ఇది కష్టమైన ప్రోగ్రాము కాదు. పాలిటెక్నిక్‌లోనో, ఇంజినీరింగ్‌లోనో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు రాయగలరు. మైక్రోపైథాన్ భాషలోనూ, ఆర్డునో పద్ధతిలోనూ రాయొచ్చు. మాదిరి ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. బోర్డు మీద ఉన్న బూట్‌సెల్ అనే బొత్తాన్ని నొక్కి పట్టుకుని కంప్యూటర్‌కు కలిపితే పెన్‌డ్రైవ్ లాగా కనిపిస్తుంది. అందులోకి ఫైలు లాగి వేస్తే ప్రోగ్రాము ఎక్కుతుంది.

అందుకే ఒక షరతు ముందే మాట్లాడుకోండి. డబ్బు తీసుకుని చేసిపెట్టేవారు ఎవరైనా సరే, ప్రోగ్రాము ఫైలు మీకు ఇవ్వాలి. ఏ కాలికి ఏ తీగ కలిపారో కాగితం మీద బొమ్మ గీసి ఇవ్వాలి. ఆ కాగితాన్ని డబ్బా మూతకు లోపల అంటించండి. చేసినవారు ఉద్యోగానికి హైదరాబాదో, బెంగళూరో వెళ్లిపోయినా అదనపు బోర్డులో అదే ఫైలు వేసి ఇంకొకరు బిగించగలుగుతారు. ఫైలు లేకపోతే బోర్డు పోయిన రోజున మొత్తం పని మొదటికొస్తుంది.

ప్రోగ్రాములో ఈ నాలుగూ ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోండి. కరెంటు రెప్పపాటు పోయి వస్తే సైరన్ మోగకుండా 20 సెకన్లు ఆగి చూడాలి. కరెంటు పోతే ఒక రకంగా, వేడి మారితే ఇంకొక రకంగా, తీగ మాట ఆగితే మరొక రకంగా మోగాలి. సైరన్ ఆపే బొత్తాం నొక్కితే పది నిమిషాలే ఆగాలి, ఆపద తీరకపోతే మళ్లీ మోగాలి. శాశ్వతంగా ఆపేసే బొత్తాం పెడితే నిద్రమత్తులో ఎవరో ఒకరు ఆపి పడుకుంటారు. చివరిది, చిప్పులోనే ఉండే వాచ్‌డాగ్ అనే కాపలా గడియారాన్ని వాడాలి. ప్రోగ్రాము ఎక్కడైనా మొరాయిస్తే అదే బోర్డును మళ్లీ మొదలుపెడుతుంది.

తీగ వేయడంలో జాగ్రత్తలు

తీగను స్తంభాల మీదుగా వేలాడదీయొద్దు. పిడుగు దూరంగా పడినా పొడవాటి తీగలోకి దెబ్బ వస్తుంది. ఆ దెబ్బ రెండు బోర్డులనూ ఒకేసారి తీసుకుపోతుంది. పీవీసీ పైపులో దూర్చి భూమిలో వేయడం మంచిది. నాగలి, ట్రాక్టరు తిరిగే చోటయితే ఇంకా లోతుగా పోవాలి. పైపు కొసలను మూసెయ్యాలి, లేకపోతే ఎలుకలు, చీమలు, నీళ్లు దారి చేసుకుంటాయి. కరెంటు సర్వీసు వైరు పోయే పైపులో దీన్ని కలిపి వేయకూడదు. రెండు కొసల్లోనూ లాన్ తీగకు అమర్చే సర్జ్ ప్రొటెక్టరు పెట్టి ఎర్తింగ్ చేయిస్తే దెబ్బ తగ్గుతుంది. పూర్తిగా తప్పుతుందని చెప్పలేం.

బోర్డును కోళ్ల మధ్య పెట్టకూడదు. లిట్టరు నుంచి వచ్చే అమ్మోనియా రాగిని తినేస్తుంది. సాకెట్టు లోపలి సన్నని రేకులకు పచ్చని చిలుము పడితే మాట తెగి తెగి వస్తుంది. ఊక దుమ్ము, ఫాగర్ల తేమ కూడా చేటే. డబ్బాను దాణా గదిలోనో, షెడ్డు బయటి గోడకు నీడ పట్టునో బిగించి, సెన్సరు తీగలు మాత్రమే లోపలికి పంపాలి.

ఛార్జర్లు, రిలేలు 230 వోల్టుల లైనుకు కలిపే పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. ప్రోగ్రాము రాసిన పిల్లవాడితో ఆ పని చేయించొద్దు.

బ్యాటరీ లేకపోతే అంతా వృథా

కరెంటు పోయినప్పుడు పనిచేయాల్సిన యంత్రం కరెంటు మీదే నడిస్తే ఏం లాభం? రెండు బోర్డులకూ బ్యాటరీ ఉండాలి. ఒక్కో బోర్డు, సెన్సర్లతో కలిపి సుమారు 1 వాటు తీసుకుంటుందనుకోండి. 12 వోల్టులు 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 84 వాట్ అవర్లు ఉంటాయి. అందులో సగమే వాడినా ఒక రోజంతా నడుస్తుంది. సైరన్ మోగితే ఖర్చు ఎక్కువ, కానీ అప్పటికి మీరు లేచే ఉంటారు. ఇలాంటి బ్యాటరీలు ఏళ్లు గడిచేకొద్దీ బలం తగ్గిపోతాయి. కొన్న తేదీని బ్యాటరీ మీదే రాసిపెట్టుకోండి.

ఎవరికి అక్కర్లేదు?

షెడ్డు పక్కనే మంచం వేసుకుని పడుకునే రైతుకు ఇది అక్కర్లేదు. కరెంటు పోయిన సంగతి ఒక్కటి తెలిస్తే చాలనుకునేవారికి కూడా బోర్డు అవసరం లేదు. కరెంటు ఉన్నంతసేపు తెరుచుకుని, పోగానే మూసుకునే రిలే ఒకటి, బ్యాటరీ గంట ఒకటి, రెండు తీగలు ఉంటే ఏ ఎలక్ట్రీషియన్ అయినా తక్కువ ఖర్చులో బిగిస్తాడు. అయితే ఆ గంటకు వేడి సంగతి తెలియదు, తీగ తెగితే చెప్పదు. కరెంటు ఉండీ బ్రూడర్ బల్బులు మాడిపోయినా, ఫ్యాన్లు తిరుగుతున్నా వేడి పెరిగినా దానికి పట్టదు. ఈ తేడాకు మీరు డబ్బు పెట్టాలా వద్దా అన్నది మీ కోళ్ల సంఖ్యను, షెడ్డు దూరాన్ని, ఊళ్లో కరెంటు తీరును చూసుకుని తేల్చుకోవాలి.

షెడ్డు 100 మీటర్లు దాటితే తీగ మధ్యలో బ్యాటరీ స్విచ్చి పెట్టుకోవచ్చు, లేదా రెండు కొసల్లో మార్పిడి డబ్బాలు పెట్టి ఫైబర్ తీగ వేయొచ్చు. ఫైబర్‌లో కరెంటు పారదు కనుక దాని వెంట పిడుగు దెబ్బ ఒక కొస నుంచి ఇంకో కొసకు పోదు. కానీ ఖర్చు పెరుగుతుంది. చిన్న రైతుకు అంత దూరంలో సిమ్ కార్డు యంత్రమే నయం.

ఇంట్లో ఇంటర్నెట్ ఉంటే సెల్‌కు కూడా కబురు వచ్చేలా చేసుకోవచ్చా అంటే, చేసుకోవచ్చు. కానీ అది రెండో కాపలాగానే ఉండాలి. మొదటి కాపలా ఇంటి గోడ మీద మోగే సైరనే.

ప్రతి బ్యాచ్‌కు ముందు పరీక్ష

పిల్లలు దిగడానికి రెండు రోజుల ముందు ఈ నాలుగు పరీక్షలు చేసుకోవాలి. ఎవరికీ చెప్పకుండా చేస్తే ఇంట్లోవాళ్లు ఎంతసేపట్లో షెడ్డుకు వస్తారో కూడా తెలుస్తుంది.

1. షెడ్డు మెయిన్ ఆపండి. 20 సెకన్లు దాటగానే సైరన్ మోగాలి.

2. షెడ్డు బోర్డు నుంచి లాన్ తీగ లాగేయండి. అర నిమిషంలో మోగాలి.

3. సెన్సరును గోరువెచ్చని నీళ్ల గ్లాసులో ముంచండి. తర్వాత చల్లని నీళ్లలో ముంచండి. రెండింటికీ మోగాలి.

4. రెండు బ్యాటరీల ఛార్జర్లనూ ఒక రాత్రంతా ఆపి ఉంచండి. తెల్లారేదాకా బోర్డులు నడవాలి.

వీటిలో ఏ ఒక్కటి తప్పినా బాగుచేయించిన తర్వాతే పిల్లలను దించుకోవాలి. వీటితోపాటు జనరేటరును కూడా పది నిమిషాలు నడిపి, డీజిల్ ఎంత ఉందో చూసుకోండి. బోర్డు మిమ్మల్ని నిద్ర లేపుతుంది. లేచాక నడిచేది మీరు, తిరగాల్సింది జనరేటరు.